కుక్క నడుము విరిగితే ఎక్కడికి పోవాలి?

సంపాదకుడు గారికి,

నమస్కారం. కరిచే కుక్కల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు. నేను నడుము విరిగిన కుక్క గురించి రాస్తున్నాను. వీలైతే కత్తిరించకుండా వేయండి.

మాది కోనసీమలో కాలువ గట్టును ఆనుకుని ఉన్న ఊరు. దాళ్వా కోతలు మొదలైతే గట్టు రోడ్డులో సగం ధాన్యానికే పోతుంది. ధాన్యం కోసం ఎలుకలు, ఎలుకల కోసం పిల్లులు వస్తాయి. వాటి వెనకే కుక్కలు వస్తాయి, రాత్రికి బరకాల పక్కనే పడుకుంటాయి. రాశి మీదికి బండ్లు రాకుండా అంచున పెట్టే రాళ్లు, కొబ్బరి మొద్దులు చీకట్లో ఎవరికీ కనిపించవు. వాటికి గుద్దుకుని మనుషులే పడుతున్నారు, అది ఇంకో ఉత్తరానికి సరిపోయే సంగతి. కిందటి వేసవిలో ఒక రాత్రి ఆ రాళ్లను తప్పించబోయిన వ్యాను మా వీధి నల్లకుక్క మీదుగా పోయింది. అది ఎవరి కుక్కా కాదు. రోజూ రెండు పూటలా అన్నం పెట్టేది మాత్రం మా ఆవిడ.

మేము వెళ్లేసరికి దాని ముందు కాళ్లు కర్రల్లా బిగుసుకుపోయి ఉన్నాయి, వెనక కాళ్లు గుడ్డపేలికల్లా పడి ఉన్నాయి. ముందు కాళ్లు విరిగాయనుకున్నాం. నడుము మధ్యలో వెన్నుపాముకు గట్టి దెబ్బ తగిలితే ముందు కాళ్లు అలా బిగుసుకుంటాయని తర్వాత డాక్టరు గారు చెబితే తెలిసింది. మనిషికి నడుము విరిగితే పలక మీద కదలకుండా మోస్తాం. దాన్ని మాత్రం చంకల కింద చేతులు వేసి ఎత్తి ఆటోలో కుదేశాం. నొప్పి తగ్గుతుందని మా ఇంట్లో ఉన్న మాత్ర పెరుగన్నంలో కలిపి పెట్టింది నేనే. ముప్పై ఏళ్లు సైన్సు పాఠం చెప్పినవాడిని!

మర్నాడు దగ్గరి పశువైద్యశాలకు తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు గారిని తప్పుపట్టను. ఎదురుగా పాడిగేదెల బారు ఉన్నా వచ్చి చూశారు, చేయగలిగింది చేశారు. ఎక్స్‌రే తీయడానికి అక్కడ మిషను లేదు. గౌతమి నది దాటి పట్నంలో ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లమన్నారు. ఆ మర్నాడు ఆదివారం, అది మూసి ఉంటుంది. అలా మూడో రోజు వచ్చేసింది. ఆ మూడు రోజులూ కుక్క కింద గోనెసంచి తడుస్తూనే ఉంది, మూత్రం పోస్తోందిలే అని ధైర్యంగా ఉన్నాం. అది పోయడం కాదట, లోపల మూత్రాశయం నిండి పొర్లడమట. వెనక భాగం పడిపోయిన జంతువుకు రోజుకు మూడు నాలుగు సార్లు పొట్ట నొక్కి మూత్రం తీయించాలని మాలో ఒక్కరికీ తెలియదు. పట్నంలో డాక్టరమ్మ చెయ్యి వేసేసరికి పొట్ట డప్పులా ఉంది.

తర్వాత ఆమె చేసిన పరీక్ష నేను మరిచిపోలేను. చిన్న పట్టకారుతో వెనక కాలి వేలిని నొక్కారు. కాలు చటుక్కున వెనక్కి లాక్కుంది. "స్పర్శ ఉందమ్మా!" అని మా ఆవిడ సంతోషంగా కేక వేసింది. ఆమె తల అడ్డంగా ఊపారు. "కాలు చూడకండి, మొహం చూడండి" అన్నారు. మళ్లీ, ఈసారి ఎముక తగిలేలా నొక్కారు. కాలు మళ్లీ లాక్కుంది. కుక్క మాత్రం తల తిప్పలేదు, మూలగలేదు, కిటికీ వైపే చూస్తూ పడుకుంది. కాలు లాక్కోవడం నడుము కింది నరాలు వాటంతట అవి చేసే పని. నొప్పి మెదడుకు చేరితే కుక్క వెనక్కి తిరిగి చూస్తుంది, అరుస్తుంది, కరవబోతుంది. ఎక్స్‌రేలో వెన్నుపూస విరిగి పక్కకు జరిగి ఉంది. ప్రమాదంలో ఇలా విరిగి, లోతైన నొప్పి కూడా తెలియని స్థితికి వస్తే మళ్లీ నడిచే ఆశ దాదాపు ఉండదట. ఆ నొప్పి తెలుస్తూ ఉంటే ఆపరేషనుకు అర్థం ఉంటుందన్నారు. మొదటి రాత్రి దానికి నొప్పి తెలుస్తూ ఉందా, మేము ఆటోలో కుదేసినప్పుడు పోయిందా అని అడిగాను. ఆమె జవాబు చెప్పలేదు. నొప్పి లేకుండా సాగనంపమన్నాం. తల మా ఆవిడ ఒళ్లోనే ఉంది.

మాత్ర సంగతి కూడా డాక్టరమ్మకు చెప్పాను, తిట్లు తిన్నాను. మనం వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని పశువైద్యంలో దాన్ని 2006లోనే నిషేధించారు. పిల్లికైతే ఒక్క పారాసెటమాల్ మాత్ర చాలు, ప్రాణం తీయడానికి.

ఇది జరిగిన నాలుగు నెలలకు మా పిల్లి స్కూటరు కింద పడింది. ఈసారి ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. పీటకు పాత దుప్పటి చుట్టి, దాని మీదికి మెల్లగా జరిపి, తువ్వాలుతో కప్పి నేరుగా గౌతమి దాటించాను. కటి ఎముక రెండు చోట్ల విరిగింది, తుంటి కీలు బాగానే ఉంది, తోకకు స్పర్శ ఉంది, మూత్రం వస్తోంది. ఆపరేషను అక్కర్లేదు, కదలకుండా ఉంచితే చాలన్నారు. సంక్రాంతి పుంజు కోసం కొన్న పెద్ద కోడిగంప బోర్లించి అయిదు వారాలు దాని కిందే ఉంచాం. ఇప్పుడది ప్రహరీ ఎక్కుతోంది, గంప చూస్తే మాత్రం అటు పోదు.

రెండిటికీ తేడా అదృష్టం ఒక్కటే కాదు. ఏది విశ్రాంతితో అతుక్కుంటుందో, దేనికి కడ్డీయో ప్లేటో వేయాలో, దేనికి ఆశ లేదో ఎక్స్‌రే చూడకుండా ఎవరు చెప్పగలరు? అది అందుబాటులో లేకనే జనం వెదురు బద్దలను నమ్ముకుంటున్నారు. పక్క వీధిలో ఒక కుక్కపిల్లకు ముంజేయి విరిగితే బిగించి కట్టారు. నాలుగో రోజుకు పంజా వాచి నల్లబడింది, చివరికి కాలు తీసేశారు. మూడు కాళ్లతో అది హాయిగా పరుగెడుతోంది, అది వేరే మాట. తొడ ఎముక విరిగినప్పుడు కింది కాలికి బద్ద కడితే ఇంకా ప్రమాదం. ఆ బరువంతా విరిగిన చోటే లాగుతుంది.

పట్టణాల్లో డాక్స్‌హుండ్ లాంటి పొట్టికాళ్ల జాతులు పెంచేవారికీ ఈ మాట అవసరం. వాటికి దెబ్బ తగలకుండానే వెన్నులో డిస్కు జారుతుంది. నొప్పి తెలియని స్థితికి వచ్చినా, వెంటనే ఆపరేషను జరిగితే సుమారు సగం మళ్లీ నడుస్తాయి. అక్కడ ప్రతి పూటా లెక్కే.

"మనుషులకే దిక్కులేదు, కుక్కలకు ఎక్స్‌రేనా?" అని మా అరుగు మీద కూడా అన్నారు. మేకకు కాలు విరగదా, దూడ గట్టు మీంచి జారదా? వాటికీ అదే మిషను. 2022లో మాకు ప్రత్యేక జిల్లా ఇచ్చారు, సంతోషం. ఎక్స్‌రే కోసం మాత్రం మేము నది దాటక తప్పలేదు. డివిజనుకు ఒక పశువైద్యశాలలోనైనా డిజిటల్ ఎక్స్‌రే ఉండాలి, దాన్ని నడపడం నేర్చిన మనిషి ఉండాలి. మిషను తెచ్చి మనిషిని ఇవ్వకపోతే దాని మీద గుడ్డ కప్పి ఉంచుతారు, బడిలో కంప్యూటర్ల గతి నేను చూశాను. తీసిన బొమ్మను గన్నవరం పశువైద్య కళాశాలలోని శస్త్రచికిత్స నిపుణులకు ఫోనులో పంపితే, మూడు నాలుగు గంటలు ప్రయాణం చేసి వెళ్లాలా వద్దా అన్నది అక్కడికక్కడే తేలుతుంది. నెలకు రెండు రోజులైనా ఎముకల ఆపరేషన్లు చేయగల డాక్టరు ఇక్కడికి వస్తే ఇంకా మంచిది.

1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే పశువైద్య అంబులెన్సులో గేదెను ఎత్తే హైడ్రాలిక్ ఏర్పాటు ఉంది. దాని పక్కనే మూడడుగుల చెక్క పలక ఒకటి, మూతికి కట్టడానికి మెత్తటి పట్టీ ఒకటి పెట్టుకోవచ్చు. నొప్పిలో ఉన్న కుక్క అన్నం పెట్టిన చేతినీ కరుస్తుంది. మా ఊరి వడ్రంగితో మాట్లాడాను. నాలుగు పలకలు చేసిస్తానన్నాడు, డబ్బు నేను ఇస్తాను. ఎక్కడికి తెచ్చి, ఎవరి చేతికి ఇవ్వాలో సంబంధిత అధికారులు మీ పత్రిక ద్వారా చెబితే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కోనసీమ