బాల్సా కిట్లు ఆపేశాం, కారణం ఇదీ

బాల్సా అనే తేలికపాటి చెక్కతో చేసే మా ట్రైనర్ కిట్‌కి (ఎగరేయడం నేర్చుకునేవాళ్లు కట్టుకునే రిమోట్ బొమ్మ విమానం) అడ్వాన్సు కట్టి ఎదురుచూస్తున్న వాళ్లకి ముందు అసలు సంగతి చెప్పేస్తాను. మంచి బాల్సా చేతికొచ్చేదాకా కిట్లు పంపడం లేదు, కొత్త అడ్వాన్సులు తీసుకోవడం లేదు. డబ్బు వెనక్కి కావాలంటే ఒక్క ఫోన్ చేయండి, ఎందుకని అడగం. ఆగుతామన్నవాళ్లకి పాత ధరకే కిట్ వస్తుంది. మోటార్లు, వాటి వేగం నియంత్రించే ఈఎస్‌సీలు, తోక, రెక్కల పలకల్ని కదిపే సర్వోలు, ఆర్డుయినో బోర్డులు, సోల్డరింగ్ సామాను ఎప్పటిలాగే మా కోఠి షాపులో దొరుకుతాయి. కాలేజీ ప్రాజెక్టుల పిల్లలు టెన్షన్ పడక్కర్లేదు.

ఇప్పుడు గొడవేంటో చెబుతాను.

మేం ప్రతి బాల్సా షీటునీ తూచి, మూల మీద పెన్సిల్‌తో గ్రాములు రాసి అమ్ముతామని పాతవాళ్లకి తెలుసు. మూడు మిల్లీమీటర్ల మందం, పది సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవు ఉన్న షీటు మంచి చెక్కయితే 36 గ్రాముల దగ్గర తూగుతుంది. అంటే ఘనమీటరుకి 120 కిలోలు. ఈసారి వచ్చిన కట్టల్లో పై షీట్లు అలాగే ఉన్నాయి, బుట్టలో పైన మంచి మామిడిపళ్లు పేర్చినట్టు. లోపలివి చాలావరకు 60 దాటాయి, కొన్ని 66 కూడా తూగాయి.

సప్లయర్‌కి ఫోన్ చేస్తే "చెక్క చెక్కే కదా సార్, సైజు కరెక్టుగానే ఉందిగా" అన్నాడు. ఏళ్ల తరబడి సరుకిచ్చిన మనిషి, నా షాపులో కూర్చుని నేను షీట్లు తూస్తుంటే చూసిన మనిషి ఆ మాటన్నాడు. బాల్సా ఎక్కువగా ఈక్వడార్ నుంచి వస్తుంది. గాలిమరల రెక్కల్లోపల కూడా ఇదే చెక్క పెడతారు, 2020 ప్రాంతంలో ఆ గిరాకీకి రేట్లు ఎలా ఎగబాకాయో మనందరికీ గుర్తే. అప్పుడు కూడా ఖరీదైనా పర్లేదు, తేలికది పంపమన్నవాణ్ని నేను. సరుకు లేదని చెబితే ఆగేవాణ్ని. పైన నాలుగు మంచివి పెట్టి కట్ట కట్టడాన్ని మాత్రం కొరత అనరు.

కాస్త బరువైతే ఏమవుతుందని కొత్తవాళ్లకి అనిపించవచ్చు. మా ట్రైనర్‌లో తోక భాగాలకి సుమారు సగం షీటు పడుతుంది. 66 గ్రాముల చెక్కతో చేస్తే అక్కడ 15 గ్రాములు పెరుగుతాయి. అయితే సీజీ (విమానం బరువు సమతూకంగా నిలిచే చోటు) నుంచి తోక ఉన్న దూరంలో మూడో వంతు దూరంలోనే ముక్కులోని మోటారు ఉంటుంది. అందుకని వెనక పెరిగిన ఆ 15 గ్రాములకి ముక్కులో 45 గ్రాముల సీసం పెట్టాలి. తోక ఒక్కదాని వల్లే విమానం 60 గ్రాములు బరువెక్కింది. ఇంకా రిబ్స్ (రెక్కకి ఆకారమిచ్చే అడ్డ ముక్కలు), ఫ్యూజలాజ్ (విమానం ఒళ్లు) లెక్కలోకి రాలేదు. బరువు పెరిగేకొద్దీ స్టాల్ అయ్యే వేగం, అంటే అంతకంటే తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం కూడా పెరుగుతుంది, ల్యాండింగ్‌కి జోరుగా రావాలి. మొదటిసారి రిమోట్ స్టిక్ పట్టుకున్నవాడికి అంతకంటే కష్టం ఇంకోటి లేదు. సీసం పెట్టకపోతే ఇంకా ఘోరం, తోక బరువుతో ముక్కు పైకి లేచి, విమానం చేతికి లొంగదు.

మా కుర్రాడు "అన్నా, ఒక సీసం ముక్క కూడా వేసి పంపేద్దాం, ఎవరూ అడగరు" అన్నాడు. నిజమే, చాలామంది అడగరు. మీ అడ్వాన్సులు ఆ చెక్క మీదే పెట్టాను, సరుకు వెనక్కి తీసుకోనని అవతలివాడు తేల్చేశాడు. నిద్ర పట్టలేదంటే నమ్మండి. తేలికవి ఏరి తోకలకి, బరువువి రెక్కల స్పార్లకి (రెక్క పొడవునా బరువు మోసే పట్టీలకి) వాడదామని కూడా లెక్కేశాను. తోకలకి సరిపోయాయి, రిబ్స్‌కి మిగల్లేదు. రిబ్స్‌కి తేలికగానూ, వంచితే వంగకుండా గట్టిగానూ ఉండే సీ-గ్రెయిన్ చెక్క (దుంగని ఒక పద్ధతిలో కోస్తే వచ్చే రకం) కావాలి. అది ఈ కట్టల్లో వెతికినా లేదు.

బదులుగా సన్‌ప్యాక్ షీటు (బోర్డులకి వాడే ప్లాస్టిక్ అట్ట) కిట్ ఇస్తే? దాని మీద నాకేం చిన్నచూపు లేదు. చవక, నేలకి కొట్టుకున్నా టేపు వేసి మళ్లీ ఎగరేయొచ్చు. కావాల్సినవాళ్లకి ఇప్పటికీ అమ్ముతున్నాం. కానీ బాల్సాకి డబ్బు కట్టినవాళ్ల చేతిలో అది పెట్టలేను. రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన అడిగారు, "అది నేను సందు చివర బోర్డులు చేసేవాడి దగ్గర కొనుక్కుంటా కదా, నీ దగ్గరికెందుకు?" అని. నొప్పి పుట్టింది. ఆయన అన్నదాంట్లో తప్పూ లేదు.

కాబట్టి ఆగుతున్నాం. వేరేచోట మాట్లాడాను, ఈసారి కట్ట విప్పి తూచాకే డబ్బు. ధర ఎక్కువ అడుగుతున్నారు, అందువల్ల కొత్తగా కొనేవాళ్లకి కిట్ రేటు పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో సరుకు తూచిన రోజు చెబుతాను. పాత సప్లయర్ మళ్లీ ఫోన్ చేసి డిస్కౌంటు ఇస్తానన్నాడు. ఊరికే ఇచ్చినా ఆ కట్టలు నాకొద్దు.

ఇప్పటికే ఉన్న బరువు షీట్లని స్పార్లకి, స్టాండ్లకి, అతికేటప్పుడు ముక్కల్ని కదలకుండా పట్టే జిగ్‌లకి వాడుకునేవాళ్లకి సగం ధరకే ఇస్తున్నాం. వాటి మీద కూడా గ్రాములు రాసే ఉంటాయి. గట్టిగా ఉంది కదా అని మోటారు బిగించే ఫైర్‌వాల్‌కి మాత్రం వాడకండి, దానికి ప్లైవుడ్డే. ఆ ప్లైవుడ్ ముక్కలు కౌంటర్ పక్క డబ్బాలో ఉన్నాయి, అడిగి తీసుకోండి.