జాకెట్లు ఎందుకు లేటవుతున్నాయో ఉన్నదున్నట్టు చెప్తున్నా

గుంటూరులో మన షాపుకి ఆది జాకెట్ ఇచ్చి వెళ్లిన అందరికీ నమస్తే అండి. దసరా నుంచి డెలివరీలు లేటవుతున్నాయి, ఫోన్ చేసినప్పుడల్లా కరెంటు లేదండి, కుర్రాడు రాలేదండి అన్నాను కదా, అవన్నీ అబద్ధాలే. కుర్రాడు రోజూ వచ్చాడు. వంగనిది నా వేళ్లు.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చి మూడేళ్లయింది. వయసుకి కీళ్లు అరగడం కాదండి ఇది, ఒంట్లో రోగాల్ని ఆపాల్సిన శక్తే సొంత కీళ్ల మీద పడుతుంది. పొద్దున లేచాక గంటన్నర దాకా పిడికిలి బిగియదు, టీ గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగుతా. మెషిన్‌కి మోటారుంది కాబట్టి పర్లేదు, చిక్కంతా హుక్స్, కాజాలు, హెమ్మింగ్ దగ్గరే, సూది పట్టుకునే ఆ కణుపుల్లోనే వాపు. పోయిన నెల ఒక పెళ్లికూతురి జాకెట్‌కి హుక్స్ వదులుగా పడి మండపంలో పిన్నీసులు పెట్టుకున్నారు, వాళ్లమ్మగారు నన్ను ఒక్క మాట అనలేదు, నాలుగు తిట్టినా బాగుండేది.

మాది క్రైస్తవుల్లో లూథరన్ శాఖ కుటుంబం. 1842లో అమెరికా మిషనరీ హయ్యరు దొర గుంటూరొచ్చి మొదలుపెట్టిన సంఘం. ప్రార్థనకి వచ్చిన చుట్టాలు కొందరు విశ్వాసం తగ్గిందేమో చూసుకో అన్నారు, ఇంకొకరు మందులు మానెయ్యమన్నారు (మరి గుంటూరులో డాక్టర్ కుగ్లరమ్మ ఆసుపత్రిని మిషన్ వాళ్లే ఎందుకు పెట్టారో!), ఇవేవీ కాదు గానీ "దేవుడు నీ మంచికే ఇచ్చాడమ్మా" అన్న మాట మాత్రం గుచ్చుకుంది. పాస్టరుగారిని అడిగేశా. ఆయన మా శాఖకి మూలపురుషుడు మార్టిన్ లూథర్ 1518లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో చెప్పిన సంగతి చెప్పారు, దేవుణ్ని మహిమలోనే వెతికేవాడు చెడుని మంచంటాడంట, సిలువ మీద చూసినవాడు ఉన్నదాన్ని ఉన్నట్టంటాడంట. ఆ మాటన్న మనిషికి కూడా తర్వాత ఒళ్లు బాగుండేది కాదు, 1537లో రాళ్లతో మూత్రం ఆగిపోయి చావుదాకా వెళ్లొచ్చాడు. అంటే నా నొప్పిని నేను మంచిదనక్కర్లేదు, అది నొప్పే, నయం కాకపోయినా సిలువ మీద వేలాడినాయన నా పక్కనే ఉన్నట్టు. ఆ రాత్రి బాగా ఏడ్చి బాగా నిద్రపోయా. ఇప్పుడు చర్చిలో ప్రభు భోజనపు బల్ల దగ్గర మోకరించలేను, రొట్టె, ద్రాక్షరసం నిలబడే తీసుకుంటున్నా, సిగ్గేం లేదు.

అయితే దేవుడి దగ్గర ఉన్నదున్నట్టు చెప్పి, మీ దగ్గర కరెంటు లేదనడం ఏం బాగుంది? చెప్పులు కుట్టేవాడి పని కూడా దేవుడిచ్చిన పిలుపేనన్నాడు లూథర్, పొరుగువాడికి పనికొచ్చేలా చెయ్యాలి. పిన్నీసులు పెట్టుకునే జాకెట్ ఎవరికి పనికొస్తుంది చెప్పండి.

అందుకని ఇకమీదట వారానికి ఆరు లైనింగ్ జాకెట్లే. సోమవారం రాత్రి ఈ కీళ్ల జబ్బుకి మెథోట్రెక్సేట్ వేసుకుంటా, వారానికి ఒక్కసారే ఆ మాత్ర, మర్నాడంతా వికారం, కాబట్టి మంగళవారం షాపు మూత. చేతిపని వెనకవీధి అక్కకి ఇస్తున్నా, జాకెట్‌కి 40 రూపాయలు, అది మీ బిల్లులోనే కలుస్తుంది. క్రిస్మస్ బట్టలు నవంబర్ 25 లోపే ఇవ్వండి. అర్జెంటున్నవాళ్లు మొహమాటపడకుండా అడ్వాన్స్ వెనక్కి తీసుకోండి, ఆది జాకెట్లన్నీ పేర్లు రాసి అట్టపెట్టెలో పెట్టాను. పదకొండు దాటాక రండి, అంతకుముందైతే షట్టర్ ఎత్తడం నావల్ల కాదు.