ఫిబ్రవరి అండమాన్ బ్యాచ్‌లో ఏం జరిగింది, వచ్చే సీజన్‌కి ఏం మారుతోంది

అందరికీ నమస్కారం.

గత ఫిబ్రవరిలో మన అండమాన్ బ్యాచ్‌తో వెళ్లిన 14 మందిలో 11 మంది స్కూబా డైవింగ్‌కి డబ్బు కట్టారు. ఒక్కరు కూడా నీళ్లలోకి దిగకుండానే తిరిగొచ్చారు. ఆ విషయం మీలో చాలామందికి చేరింది, కానీ తలా ఒక రకంగా చేరింది. సముద్రం బాగోలేదట అని కొందరు, ఓనరే వద్దన్నాడట అని కొందరు ఫోన్ చేశారు. వద్దన్నది నేనే. ఎందుకు వద్దన్నానో, అంతవరకు ఎందుకు వచ్చిందో నా నోటితోనే చెప్పాలి. తొమ్మిదేళ్లుగా మీరు ఈ చిన్న టూర్ ఆఫీసు మీద నమ్మకంతో వస్తున్నారు. మీకు తెలిసినవాళ్లను పంపిస్తున్నారు. ఈ విషయం మీకు బయటివాళ్ల ద్వారా తెలియడం నాకు ఇష్టం లేదు.

మన టూర్ సంగతి పాతవాళ్లకు తెలుసు. ఐదు రోజులు, నాలుగు రాత్రులు. మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో సెల్యులార్ జైలు. రెండో రోజు ఫెర్రీలో హేవ్‌లాక్. దాని పేరు 2018 చివర్లో స్వరాజ్ ద్వీప్‌గా మారింది కానీ మనమంతా ఇంకా హేవ్‌లాక్ అనే అంటున్నాం. మూడో రోజు ఉదయం డైవింగ్, నాలుగో రోజు ఎలిఫెంట్ బీచ్, రాధానగర్ బీచ్. ఐదో రోజు పొద్దున్నే ఫెర్రీ, మధ్యాహ్నం విమానం. విమానం టికెట్లు కాక మనిషికి 24,500. డైవింగ్ కావాలంటే ఇంకో 4,500.

మూడో రోజు ఉదయం 7 గంటలకు మనవాళ్లు డైవింగ్ చేయించే షాపు దగ్గరికి వెళ్లారు. నేను ఈసారి వెంట వెళ్లలేదు, మా బావమరిది వెళ్లాడు. సముద్రం రఫ్‌గా ఉంది, బోటు వెళ్లదు, రేపు రండి అన్నారట. సముద్రం విషయంలో షాపువాళ్ల మాట మీద మనం మాట అనకూడదు. అందుకే మా బావమరిది సరే అని అందర్నీ వెనక్కి తీసుకొచ్చాడు. పదకొండు గంటలప్పుడు మన బ్యాచ్‌లోని ఇద్దరు టీ తాగడానికి జెట్టీ వైపు వెళ్తే అదే షాపు బోటు వచ్చి ఆగింది. ఇరవై మంది దాకా తడి డ్రస్సులతో దిగారు. ఎలా ఉంది అని మనవాళ్లు అడిగితే, నీళ్లు అద్దంలా ఉన్నాయండీ, అడుగు దాకా కనిపించింది అన్నారు.

మన స్లాట్ పెద్ద గ్రూపుకి ఇచ్చేశారు. నాకు ఎక్కువ బాధ కలిగించింది అది కాదు. సీజన్‌లో పెద్ద గ్రూపు వస్తే చిన్నవాళ్లను పక్కకు జరపడం ఈ వ్యాపారంలో ఉన్నదే. ముందురోజు రాత్రి ఫోన్ చేసి, అన్నా, ఇలా అయింది, ఎల్లుండికి మార్చు అని ఉంటే నేను అటూ ఇటూ సర్దుకునేవాణ్ణి. కానీ సముద్రం మీద అబద్ధం చెప్పారు. సముద్రం బాగోలేదు అనే మాటకి మేం ఎదురు చెప్పం అని వాళ్లకు తెలుసు. మేం ఎదురు చెప్పకూడదు కూడా, ఎందుకంటే ఆ మాట మీదే మనుషుల ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. దాన్ని ఒక సాకుగా వాడుకున్నారు. నాలుగు సీజన్లు ఆ షాపుకి నేను మనుషుల్ని పంపాను. ఒక్కసారి కూడా డబ్బు ఆలస్యం చేయలేదు. ఈసారి కూడా 11 మంది డబ్బు మొత్తం నెల ముందే పంపాను. అంత ముందుగా పంపకుండా ఉండాల్సింది. చేతిలో డబ్బు ఉన్నవాడికి మన బ్యాచ్‌ని వెనక్కి నెట్టడం తేలిక అయింది.

నాలుగో రోజు వెళ్తే సిలిండర్లలో గాలి నింపే కంప్రెసర్ పాడైంది అన్నారు. అది నిజమో కాదో నేను చెప్పలేను. ఆ రోజు రాత్రి తొమ్మిదింటికి మా బావమరిది ఫోన్ చేశాడు. షాపువాళ్లు ఇంకో దారి చూపించారట. రేపు తెల్లవారగానే ఐదున్నరకి మీ పదకొండు మందినీ దింపుతాం, ఆరున్నరకల్లా అయిపోతుంది, ఎనిమిదిన్నర ఫెర్రీ అందుకుంటారు, ఒంటిగంటంపావు విమానం ఎక్కేస్తారు అని. మనవాళ్లంతా ఒప్పుకున్నారు. సంతోషంగా ఒప్పుకున్నారు. నన్ను అడిగింది మాట వరసకే.

నేను వెంటనే వద్దు అనలేదు. ఫోన్ పెట్టేసి అరగంట కూర్చున్నాను. ఆ పదకొండు మందిలో ఒక స్కూలు మాస్టారు ఉన్నారు. ఈత రాదు, అయినా కొత్తగా దిగేవాళ్లకి చేయించే డైవ్‌కి ఈత అక్కర్లేదని తెలిసిన రోజు నుంచి ఏడాదిన్నర పాటు దీనికోసం డబ్బు పక్కన పెట్టుకున్నారు. బ్యాంకులో పనిచేసే అక్క ఒకావిడ కూతుర్ని తీసుకుని వెళ్లారు. వీళ్లు మళ్లీ అండమాన్ వెళ్తారో లేదో. నేను కాదంటే నా మీద కోపం వస్తుంది, షాపు మీద కాదు. అవునంటే నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ఏమీ జరగదు, అందరూ ఫోటోలతో సంతోషంగా ఇంటికొస్తారు, నా పేరు నిలబడుతుంది. అరగంట సేపు నా బుర్రలో తిరిగింది ఇదే.

ఎందుకు కాదన్నానో మీకు అర్థం కావాలి. నీళ్ల కింద 10 మీటర్లకు వెళ్తే ఒంటి మీద ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు అవుతుంది. ఆ ఒత్తిడిలో సిలిండర్ గాలి పీలిస్తే అందులోని నైట్రోజన్ మామూలుకంటే ఎక్కువగా రక్తంలో, కండల్లో కలిసిపోతుంది. పైకి వచ్చాక అది ఊపిరితో మెల్లగా బయటికి పోవాలి, దానికి గంటలు పడుతుంది. అది పోకముందే విమానం ఎక్కితే, లోపల గాలి ఒత్తిడి నేల మీదకంటే తక్కువ ఉంటుంది, ఇంచుమించు 8,000 అడుగుల కొండ మీద ఉన్నంత. గోలీసోడాలో గోలీ నొక్కగానే బుడగలు ఎలా వస్తాయో అలా ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టొచ్చు. కీళ్ల నొప్పులతో సరిపోవచ్చు, కాళ్లూ చేతులూ పడిపోయే దాకా రావచ్చు. అందుకే డైవింగ్ భద్రత మీద పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ వాళ్లు ఒక్క డైవ్ చేసినా కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కొద్దంటారు. మనవాళ్లకు ఉండేది ఏడు గంటల లోపు.

షాపాయన్ని నేనే ఫోన్ చేసి అడిగాను. పది మీటర్లే కదా, ఇరవై నిమిషాలే కదా, రోజూ పంపిస్తూనే ఉన్నాం, మీరెందుకు టెన్షన్ పడతారు అన్నాడు. ఆ మాట విన్నాక నాకు ఇంక ఆలోచించాల్సింది లేకపోయింది. వద్దని చెప్పేశాను. మన పిల్లలైతే పంపుతామా అని మా ఆవిడ అడిగింది, అంతే.

మనవాళ్లకు కోపం వచ్చింది. రావాలి కూడా. నువ్వు కూడా అందరిలాంటివాడివేనయ్యా, డబ్బు తీసుకునేటప్పుడు ఒక మాట, తీసుకున్నాక ఒక మాట అని ఒకాయన ఫోన్‌లో అన్నారు. ఆయన ఇది చదువుతారని తెలుసు. అయ్యా, మీరన్న మాటలో డబ్బు సంగతి తప్పని ఇప్పుడు మీకు తెలిసింది, ఎందుకంటే మీరు విశాఖలో దిగిన మర్నాడే 4,500 మీ ఖాతాలో వేశాను. పదకొండు మందికీ కలిపి 49,500 వేశాను. షాపు నుంచి నాకు రావాల్సింది ఇంకా రాలేదు. అది నేను చూసుకునే గొడవ, మీకు సంబంధం లేదు. కానీ అందరిలాంటివాడివే అన్న మాట మాత్రం నాకు ఇంకా తగులుతూనే ఉంది. అదే పరిస్థితి మళ్లీ వస్తే మళ్లీ వద్దనే అంటాను.

ఇందులో నా తప్పు కూడా ఉంది. డైవింగ్‌కి నేను ఒకే ఒక్క ఉదయం పెట్టాను. ఆ ఉదయం ఏ కారణంతో పోయినా రెండో అవకాశం లేని ప్లాన్ అది. గాలి మారితే బోట్లు నిజంగానే ఆగిపోతాయి, ఫెర్రీలు కూడా రద్దవుతాయి. నాకు ఇది తెలియక కాదు. టూర్ ధర 25 వేలు దాటకూడదని పట్టుబట్టి ఒక రాత్రి తగ్గించాను. ఆ రాత్రి ఉండి ఉంటే షాపువాడి అబద్ధం మనల్ని ఇంత దెబ్బ కొట్టేది కాదు.

అందుకే వచ్చే సీజన్ నుంచి టూర్ ఆరు రోజులు, ఐదు రాత్రులు. ధర 27,800. పెరిగిన 3,300 పూర్తిగా ఆ ఒక్క రాత్రి గదికి, భోజనాలకి, ద్వీపంలో తిరగడానికి. హేవ్‌లాక్ చేరిన మర్నాడే డైవింగ్. అది కుదరకపోతే ఆ తర్వాతి రోజు. రెండూ పోతే డైవింగ్ లేదు, అంతే. చివరి రోజు ఉదయం ఎవరు ఎంత అడిగినా దింపను. ఇది ముందే ఒప్పుకున్నవాళ్లే అడ్వాన్స్ కట్టండి.

డైవింగ్ డబ్బు ఇకమీదట నేను తీసుకోను. మీరు డైవ్ చేసి పైకి వచ్చాక షాపులో మీరే కట్టండి. నాకు అందులో కమిషన్ లేదు, వద్దు. పాత షాపుకి బదులు ఇప్పుడు పెట్టుకున్న కొత్త షాపు చిన్నది, రోజుకి కొద్దిమందినే తీసుకుంటారు. ఏప్రిల్‌లో నేను నా ఖర్చుతో వెళ్లి రెండు రోజులు వాళ్ల దగ్గర కూర్చున్నాను. ముందు లోతు తక్కువ నీళ్లలో ఊపిరి పీల్చడం, ముక్కు మూసుకుని మెల్లగా ఊది చెవులు సర్దుకోవడం నేర్పి, అది వచ్చాకే లోపలికి తీసుకెళ్తున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో ఇన్‌స్ట్రక్టర్. ఒకమ్మాయికి చెవి నొప్పి అంటే బలవంతం చేయకుండా పైకి తెచ్చేశారు. నేను కూడా దిగాను. కొత్తవాళ్లను 12 మీటర్లకు మించి తీసుకెళ్లకూడదు, మేం అంత లోతు కూడా వెళ్లలేదు, అయినా నారింజ రంగు చారల చేపలు గడ్డిపువ్వులాంటి దానిలో దాక్కుని నన్ను చూస్తుంటే నాకు మాస్టారే గుర్తొచ్చారు.

ఆరోగ్యం ఫారం ఇంతకుముందు షాపులో నింపేవాళ్లు, బోటు ఎక్కే తొందరలో అన్నిటికీ లేదు అని టిక్కులు పెట్టేసేవాళ్లు. ఇప్పుడు దాన్ని తెలుగులో రాసి అడ్వాన్స్‌కి ముందే మీ ఇంటికి పంపుతాను. ఆస్తమా, గుండె జబ్బు, బీపీ, చెవి ఆపరేషన్, ఫిట్స్ ఉన్నవాళ్లు డాక్టరు దగ్గర రాయించుకుని రావాలి. గర్భిణులు డైవ్ చేయకూడదు. పదేళ్లలోపు పిల్లలకు లేదు. ఆ రోజు జలుబు చేసినా దిగొద్దు, చెవులు సర్దుకోవు. దిగలేనివాళ్లకి ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్ ఉంది, నీళ్ల పైనే తేలుతూ పగడాలు చూడొచ్చు.

ధర తగ్గించుకునే చోట తగ్గిస్తూనే ఉంటాను. ప్రైవేటు ఫెర్రీకి బదులు వీలైనప్పుడు ప్రభుత్వ ఫెర్రీ, టైమ్ ఎక్కువ పట్టినా టికెట్ చాలా తక్కువ. ఏసీ లేని గదులు, బీచ్‌కి నడిచి వెళ్లే దూరంలో. క్రిస్మస్, కొత్త సంవత్సరం వారాల్లో బ్యాచ్ పెట్టను, గదుల రేట్లు మన చేతికి అందవు. జనవరి మూడో వారం నుంచి మార్చి వరకే. పోర్ట్ బ్లెయిర్‌లో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, అక్కడ మన భోజనం ఎప్పటిలాగే. రాధానగర్‌లో మాత్రం నాలుగింటికల్లా ఉండండి. అక్కడ శీతాకాలంలో ఐదున్నర దాటేసరికి పొద్దు వాలిపోతుంది, మన విశాఖ లెక్కతో వెళ్తే చీకటే చూస్తారు.

ఓడలో వెళ్దామా అని పాతవాళ్లు అడుగుతున్నారు. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఓడంటే సముద్రం మీదే రెండు రోజులు దాటుతుంది, తిరుగు ఓడ మన తేదీలకు దొరకాలి. ఉద్యోగాల వాళ్ల సెలవులకు అది కుదరదు. రుషికొండలోనే డైవింగ్ ఉంది కదా అని ఇంకొందరు. ఉంది, చేయండి, కానీ అండమాన్ నీళ్లంత తేటగా ఇక్కడ ఉండవని తెలిసే చేయండి.

ఫిబ్రవరి బ్యాచ్ పదకొండు మందిలో ఎవరు మళ్లీ వస్తామన్నా వాళ్లకు పాత ధరే, 24,500. పెరిగిన రాత్రి ఖర్చు నాది. జనవరి బ్యాచ్‌లో ఆరు సీట్లు వాళ్లకోసం దసరా దాకా ఎవరికీ ఇవ్వకుండా ఉంచుతాను.

మాస్టారూ, మీరు తప్పు నీది కాదు నాయనా అంటూ వెనక్కి పంపిన 4,500 మళ్లీ మీ ఖాతాలోనే వేశాను. ఇది రెండోసారి. దయచేసి ఈసారి ఉంచుకోండి. ఆరింటిలో కిటికీ పక్క సీటు మీదే.