మూడు నెలల ఇంజెక్షన్ వేసే ముందు నాలుగు మాటలు చెప్పండి

సంపాదకుల వారికి,

మీ ఆరోగ్య పేజీలో కుటుంబ నియంత్రణ గురించి వచ్చిన ప్రతిసారీ మాత్రల గురించి, కాపర్ టీ గురించి బాగానే రాస్తున్నారు, మూడు నెలల ఇంజెక్షన్‌కి మాత్రం 'మూడు నెలలకోసారి వేయించుకుంటే చాలు' అని ఒక్క లైనే దక్కుతోంది. అది నిజమే. కానీ ఆ ఒక్క మాట మీద వేయించుకుని, రెండో నెలలో బ్లీడింగ్ చూసి తనకేదో అయిపోయిందని ఏడుస్తూ వచ్చిన ఆడవాళ్లని నర్సుగా చాలామందిని చూశాను, అందుకే ఈ ఉత్తరం.

ఎక్కువగా వేసేది డీఎంపీఏ అనే హార్మోన్ మందు. తెల్లగా పాలలా ఉంటుంది, సీసా బాగా కదిపితే గానీ అడుగున దిగిన మందు కలవదు. 150 మిల్లీగ్రాములు చేతి కండలోనో పిరుదులోనో లోతుగా వేస్తే అక్కడే నిల్వ ఉండి కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతుంది. అందుకే వేశాక ఆ చోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు. అలవాటు కొద్దీ దూదితో గట్టిగా రుద్దేస్తుంటారు, దయచేసి మానండి. ఈ మందులోని హార్మోన్ ముఖ్యంగా అండం విడుదలని ఆపుతుంది, గర్భాశయ ముఖద్వారం దగ్గర జిగురుని చిక్కబరచి శుక్రకణాలకి అడ్డుపడుతుంది. సరిగ్గా టైముకి వేయించుకుంటే ఏడాదిలో 100 మందిలో ఒక్కరికి కూడా గర్భం రాదు, తేదీలు అటూ ఇటూ అయ్యేవాళ్లని కూడా కలిపి చూస్తే సుమారు నలుగురికి వస్తుంది. నెలసరి మొదలైన 7 రోజుల్లోపు వేయించుకుంటే వేరే జాగ్రత్త అక్కర్లేదు, ఆ తర్వాతైతే గర్భం లేదని తేల్చుకుని వేయించుకోవాలి, 7 రోజులు కండోమ్ వాడాలి.

ఇక అసలు సంగతి. మొదటి కొన్ని నెలలు పీరియడ్స్ లెక్క తప్పుతుంది, మధ్యమధ్యలో రక్తపు మచ్చలు కనపడతాయి, కొందరికి రోజుల తరబడి కొంచెం కొంచెం అవుతూనే ఉంటుంది. వాడేకొద్దీ తగ్గిపోయి, ఏడాదయ్యేసరికి దాదాపు సగం మందికి నెలసరి పూర్తిగా ఆగిపోతుంది. చెడు రక్తం లోపల నిలిచిపోతోందని భయపడతారు, అలాంటిదేమీ లేదు, గర్భాశయం లోపలి పొర పలచబడింది కాబట్టి బయటికి రావడానికేమీ ఉండదు, అంతే. ఈ రెండు ముక్కలు ముందే చెప్తే సగం టెన్షన్ ఉండదు! మరీ ఎక్కువగా అవుతుంటే మాత్రం డాక్టరుకి చూపించాల్సిందే.

మాత్ర పడకపోతే మానేస్తాం, కాపర్ టీ అయితే తీయించుకుంటాం. ఇది ఒకసారి ఒంట్లోకి వెళ్లాక వెనక్కి తీయలేం, తలనొప్పి వచ్చినా మనసు దిగాలుగా ఉన్నా మందు పని తగ్గేదాకా ఓర్చుకోవాలి. బరువు కూడా ఏడాదికి ఒకటి రెండు కిలోలు పెరగొచ్చు. ఆపిన వెంటనే గర్భం రాదు, చివరి ఇంజెక్షన్ నుంచి సగటున 10 నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. శాశ్వతంగా పిల్లలు పుట్టరన్న మాట అబద్ధం, కానీ వచ్చే ఏడాదే బిడ్డ కావాలనుకునేవాళ్లకి నేనైతే ఇది వద్దనే చెప్తాను.

రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లు వేయించుకోకూడదు. కారణం తేలని బ్లీడింగ్, 160/100 దాటిన బీపీ, గుండె జబ్బు, పక్షవాతం, ముదిరిన కాలేయ జబ్బు, మెనింజియోమా అనే మెదడు పొర కణితి, వీటిలో ఏది ఉన్నా, ఎప్పుడైనా వచ్చినా దాచకుండా డాక్టరుతో చెప్పాలి. పాలిచ్చే తల్లులు కాన్పయ్యాక 6 వారాలు ఆగడం మంచిది. ఎముకల సాంద్రత కొంత తగ్గుతుందని 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక పెట్టించింది, ఆపాక చాలావరకు తిరిగి వస్తుంది, అయినా ఏళ్ల తరబడి వాడేవాళ్లు, ముఖ్యంగా టీనేజీ పిల్లలు ఈ విషయం అడిగి తెలుసుకోవాలి. హెచ్ఐవీ లాంటివాటిని ఇది ఆపదు, దానికి కండోమే.

ఒక చిన్న బాక్సు కట్టి ఇవన్నీ వేయండి సార్. తేదీ దాటిపోయింది కదా అని ఇంక రావడమే మానేసేవాళ్లు ఉన్నారు, వాళ్ల కోసం ఇది కూడా చేర్చండి: ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం డీఎంపీఏ 4 వారాల వరకు ఆలస్యమైనా వేయించుకోవచ్చు, అంతకన్నా దాటితే గర్భం లేదని చూసుకుని మళ్లీ మొదలుపెట్టొచ్చు.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు