ఎలుక పిండం నమూనా, మన ఊరి హోర్డింగులు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మా వీధిలో ఉండే ఒకావిడ, పరకాల వైపు వాళ్లు, ఫోన్‌లో ఏదో వీడియో పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "టీచరమ్మా, ఇప్పుడు అండం లేకున్నా ల్యాబుల బిడ్డను చేస్తున్నరట గదా? మా కోడలికి గదే స్టెమ్ సెల్ ఎక్కిస్తమంటున్నరు" అన్నారు. ఎనుమాములలో పత్తి అమ్మిన పైసలు అందుకోసం పక్కన పెట్టారట.

వీడియోలో ఉన్నది ఎలుక సంగతి. 2022లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో జేకబ్ హన్నా బృందం, కేంబ్రిడ్జిలో మాగ్దలీనా జెర్నికా-గెట్జ్ బృందం అండం, వీర్యం లేకుండా ఎలుక మూలకణాలతోనే (స్టెమ్ సెల్స్ అంటే ఇవే, వేరే రకం కణాలుగా మారగలవి) పిండాన్ని పోలిన ఆకారాలు పెంచాయి. గుండె కొట్టుకుంది, మెదడు ఏర్పడటం మొదలైంది. ఎనిమిదిన్నర రోజుల పిండం దశ దగ్గర కథ ఆగిపోయింది. ఎలుక ఈనడానికే దాదాపు 20 రోజులు పడుతుంది. హన్నా ల్యాబులో కణాల ముద్దల్లో సరిగ్గా కుదిరినవి అర శాతమే. 2023లో చైనాలో కోతి మూలకణాల నమూనాలను 8 ఆడ కోతుల గర్భంలో పెట్టారు. మూడింటిలో గర్భం ఆనవాళ్లు కనిపించి, కొద్ది రోజులకే పోయాయి. మనిషి నమూనాలనైతే ఎవరి గర్భంలోనూ పెట్టకూడదని అంతర్జాతీయ మూలకణ పరిశోధన సంఘం నియమం పెట్టింది.

మరి ఎందుకీ పని? పిండం గర్భసంచికి అంటుకున్న తర్వాతి రోజుల్లో ఏం జరుగుతుందో తల్లి కడుపులో చూడలేం. చాలా గర్భాలు ఆ రోజుల్లోనే పోతాయి. నాకు రెండుసార్లు అట్లాగే పోయింది. ఎందుకని అడిగితే డాక్టరమ్మ "అట్లనే అయితది" అన్నారు. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు బోర్డు మీద పిండం బొమ్మ గీసిన నాకు అంతకు మించిన జవాబు దొరకలేదు. అందుకే ఈ పరిశోధన మీద నాకు గౌరవం.

నా గొడవ హెడ్డింగులతో. "ల్యాబులో పుట్టిన శిశువు" అని రాస్తే చదువుకున్నవాళ్లు ఆశ్చర్యపడి పేజీ తిప్పేస్తారు. పెళ్లయి ఎనిమిదేళ్లయినా పిల్లలు లేని ఇంట్లో దాన్ని కత్తిరించి దాచుకుంటారు. దయచేసి 'పిండం నమూనా' అని రాయండి, ఎలుకదైతే ఎలుకదని హెడ్డింగులోనే చెప్పండి. మీ పత్రికకూ ఇది వర్తిస్తుంది.

రెండో మాట జిల్లా వైద్యారోగ్య శాఖకు. హనుమకొండలో స్టెమ్ సెల్ పేరుతో ఉన్న హోర్డింగులు ఒకసారి లెక్కపెట్టండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ జబ్బులకు తప్ప, అనుమతి పొందిన ట్రయల్ (రోగుల మీద చేసే ప్రయోగ పరీక్ష) బయట మూలకణాల చికిత్స చేయకూడదు. సంతానం కోసం అసలే కాదు. స్టెమ్ సెల్ ఎక్కిస్తామన్నవాళ్లు ఆ ఒకావిడకు చెప్పిన ధర రెండు లక్షలు, కాగితం మీద మాత్రం ఏమీ రాసివ్వలేదు.

ఆవిడ ఇంటివాళ్లను సోమవారం మళ్లీ రమ్మన్నారట. ట్రయల్ అయితే సీటీఆర్ఐ (దేశంలో ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు రాసివ్వమనండి, లేకుంటే పైసలు తీయకండి అని చెప్పి పంపాను.

- ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్, హనుమకొండ