తోట కన్నా ముందు ఎరువు గుంట: అమ్మాయికి ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి అమ్మ ఆశీర్వచనాలు.

ఇక్కడ అందరం క్షేమం. వనస్థలిపురంలో రోహిణి కార్తె ఎండలు రోళ్ళు పగిలేలా ఉన్నందువల్ల మీ నాన్నగారి పార్కు నడక తెల్లవారుజామునకు మారింది. మొన్న ఫోనులో నువ్వు చెప్పిన విషయం గురించి తీరికగా ఆలోచించాను. ఫోనులో చెబితే సగం మాటలు జారిపోతాయి, పైగా నువ్వు వీటిని మీ అపార్టుమెంటు వాళ్ళకు కూడా చెప్పవలసి వస్తుంది కనుక ఉత్తరంగా రాస్తున్నాను.

మీ బెంగళూరు అపార్టుమెంటులో రెండు బ్లాకుల మధ్య ఖాళీగా పడి ఉన్న స్థలాన్ని అందరి తోటగా చేయాలని సంఘం తీర్మానించిందనీ, ఆ బాధ్యత నీకు అప్పగించారనీ చెప్పి, మొదట ఏ మొక్కలు నాటాలని అడిగావు. ఈ మృగశిరకు మొక్కల జోలికి పోవద్దనీ, మొదట ఎరువు గుంట పెట్టమనీ నా సలహా. మొక్కల మీద ఇష్టం ప్రతి ఇంట్లోనూ ఉండదు, ఉన్నా అందరికీ తీరిక ఉండదు. తడి చెత్త మాత్రం ప్రతి ఇంట్లోనూ ప్రతిరోజూ ఉంటుంది. కూరగాయల తొక్కలు, కాఫీ పొడి, దేవుడి దగ్గర వాడిన పూలు పట్టుకుని రోజూ ఒకరు కిందికి దిగవలసిందే. అక్కడ ఇంకొకరు ఎదురుపడతారు, పలకరింపు మొదలవుతుంది. మూడేళ్ళుగా ఒకే లిఫ్టులో వెళుతున్నా ఎవరి పేరూ తెలియదని నువ్వు బాధపడ్డావు కదా, ఆ బాధకు నాకు తెలిసిన మందు ఈ గుంటే.

మన కాలనీలో బోనాలకు, వినాయక చవితికి, బతుకమ్మ ఆడే తొమ్మిది రోజులకూ జనం బాగానే చేరుతారని నీకు తెలుసు. గునుగు పూలకూ తంగేడు పూలకూ కలిసి వెళ్ళే ఆడవాళ్ళు సద్దుల బతుకమ్మ మరునాటి నుంచి మళ్ళీ ఎవరి గేటు వెనుక వాళ్ళే ఉండిపోయేవారు. పార్కు మూలన ఎరువు గుంటలు వచ్చాక ఆ పరిస్థితి మారింది. ఎవరింట్లో పెద్దవాళ్ళకు ఒంట్లో బాగాలేదో, ఎవరి పిల్లవాడికి ట్యూషను కావాలో, ఎవరి ఇంట్లో అద్దెకు గది ఖాళీ అయిందో ఇప్పుడు అక్కడే తెలుస్తుంది. పండుగ సంవత్సరానికి ఒకసారి కలుపుతుంది, చెత్త బుట్ట రోజూ కలుపుతుంది. ఈ మాట మీ సమావేశంలో ధైర్యంగా చెప్పు.

ఎవరైనా వాసన వస్తుందని అడ్డుపడితే వాళ్ళ భయాన్ని తీసిపారేయకు, దానికి సమాధానం ఉంది. తడి చెత్త ఒక పాలు వేస్తే ఎండుటాకులు రెండు పాళ్ళు వేయాలి, ప్రతిసారీ పైన ఆకులతో కప్పాలి. పిడికిట్లో తీసుకుని పిండితే చేయి తడవాలి గాని నీరు కారకూడదు. కుళ్ళు వాసన వచ్చిందంటే తడి ఎక్కువై లోపలికి గాలి ఆడడం లేదని అర్థం, ఎండుటాకులు కలిపి తిరగేస్తే రెండు రోజుల్లో వాసన పోతుంది. మొదటి పొరల మీద పుల్లటి మజ్జిగ చిలకరిస్తే పని త్వరగా మొదలవుతుంది. వారానికోసారి తిరగేస్తూ ఉంటే లోపల చేయి పెట్టలేనంత వేడి పుడుతుంది, ఆ వేడిలోనే చాలా వరకు కలుపు గింజలూ చీడపురుగుల గుడ్లూ చస్తాయి. రెండు మూడు నెలలకు నల్లగా, వాన పడిన మట్టి వాసనతో ఎరువు తయారవుతుంది. నూనె కూరలు, ఎముకలు, మాంసం వేయనివ్వకు, వాటికి ఎలుకలు వస్తాయి.

ఎండుటాకులు దాచుకోవడానికి ఇనుప జాలీతో గుండ్రని గూడు ఒకటి చేయించండి. మీ ఊళ్ళో నిద్రగన్నేరు చెట్లు ఆకు రాల్చే నెలల్లో దొరికిన ఆకులన్నీ అందులో నింపితే వానాకాలమంతా సరిపోతాయి. ఆకులు ఊడ్చి తగలబెట్టే అలవాటు మీ దగ్గర కూడా ఉంటే దాన్ని ముందు మాన్పించండి. బహిరంగంగా చెత్త తగలబెట్టడాన్ని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016లోనే నిషేధించి, మామూలుగా తగలబెట్టిన వారికి 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున తగలబెట్టిన వారికి 25,000 రూపాయలు కట్టాలని చెప్పింది. అదే ఏడాది వచ్చిన ఘన వ్యర్థాల నియమాలలో, 5,000 చదరపు మీటర్లకు మించిన గేటెడ్ సముదాయాలు తమ తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చుకోవాలని అప్పుడే రాశారు. మీ సంఘంలో ఖర్చు గురించి ప్రశ్నించే పెద్దమనుషులకు ఈ సంగతి ఉపయోగపడుతుంది.

తరువాతది నీరు. 2024 మార్చిలో మీ ఊరు నీటి కోసం ఎంత ఇబ్బంది పడిందో నువ్వే చెప్పావు. తాగునీటితో తోటలు తడిపినా, కార్లు కడిగినా 5,000 రూపాయల జరిమానా అని అక్కడి జలమండలి అప్పుడు ప్రకటించింది. అటువంటి ఊళ్ళో బోరు నీటినో ట్యాంకరు నీటినో నమ్ముకుని తోట మొదలుపెడితే మొదటి ఎండాకాలానికే తగవులు వస్తాయి. మీరు ఎస్టీపీ నీళ్ళు అనే, శుద్ధి చేసిన మురుగు నీటిని చెట్లకూ, పూల మొక్కలకూ, పచ్చికకూ వాడండి. కొత్తిమీర, పుదీనా వంటి పచ్చిగా తినేవాటికి మాత్రం ఆ నీరు వద్దు. వాటికి వాన నీళ్ళ తొట్టి ఒకటి ఏర్పాటు చేసి, అది ఎండిపోయిన నెలల్లో ఇళ్ళల్లో బియ్యం, కూరలు కడిగిన నీళ్ళు పోయించండి. మొదళ్ళ చుట్టూ ఎండుగడ్డి గాని ఆకులు గాని దట్టంగా పరిస్తే తేమ నిలుస్తుంది, నీళ్ళు పెట్టవలసిన రోజులు తగ్గుతాయి.

ఇంకొక విషయం తప్పక కనుక్కో. ఆ స్థలం కింద కార్లు నిలిపే సెల్లారు ఉందా? ఉంటే అది నేల కాదు, కప్పు. ఘనపు మీటరు తడి మట్టి టన్నున్నరకు పైనే బరువు తూగుతుంది. కప్పు ఎంత బరువు మోయగలదో, నీరు కిందికి దిగకుండా ఏ పూత వేశారో ఇంజినీరు చేత కాగితం మీద రాయించుకున్న తరువాతే మట్టి పోయించు. అక్కడ మామిడి, పనస వంటి పెద్ద చెట్ల ఆలోచన మానుకోవాలి.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే విషయానికి వస్తున్నాను. అందరి తోటలు తెగుళ్ళ కన్నా ఎక్కువగా కోత దగ్గర వచ్చే మనస్పర్థల వల్ల పాడవుతాయి. ఒకరు నెలంతా నీళ్ళు పెడితే కాసిన నాలుగు బీరకాయలు ఇంకొకరు కోసుకుపోతారు. ఎవరో కరివేపాకు రెమ్మ కావాలని వచ్చి కొమ్మే విరిచేస్తారు. పూజకు పూలని చీకటితోనే సంచి పట్టుకుని వచ్చేవాళ్ళు మొగ్గలతో సహా దులుపుకుని వెళతారు. మా పార్కులో ఇవన్నీ జరిగాయి, మాటలు కూడా పెరిగాయి. చివరికి కుదిరిన పద్ధతి ఇది. ఆకుకూరలు ఆదివారం ఉదయం మాత్రమే, వచ్చినవాళ్ళందరి ఎదుట కోస్తారు. మొదటి కట్టలు ఆ వారం నీళ్ళు పెట్టిన వాళ్ళకు ఇస్తారు, మిగిలినవి వచ్చిన వాళ్ళు సమానంగా పంచుకుంటారు. పూల విషయంలో మాత్రం మేము నిషేధం పెట్టలేదు. ప్రహరీ వెంట బయటి వరసలో నందివర్ధనం, మందారం, గన్నేరు బాగా గుబురుగా పెంచి, అవి ఎవరైనా కోసుకోవచ్చని బోర్డు రాయించాము. దాంతో లోపలి మొక్కలను ముట్టుకునేవాళ్ళు దాదాపు లేకుండా పోయారు. దేవుడికి నాలుగు పూలు కోరుకునే మనిషిని దొంగ అనడం నాకు ఎప్పుడూ మనసొప్పలేదు. ఈ ఏర్పాటు వల్ల ఆ మాట అనవలసిన అవసరం తప్పింది.

పనివాళ్ళ సంగతి విడిగా రాస్తున్నాను, దీన్ని తేలికగా తీసుకోకు. మీ అపార్టుమెంటులో ఊడ్చేవాళ్ళు, కాపలా వాళ్ళు చాలామంది రాయచూరు, కలబురగి వైపు నుంచి వచ్చినవాళ్ళని చెప్పావు. వాళ్ళలో సొంతానికో కౌలుకో వ్యవసాయం చేసి, వానలు లేక నగరానికి వచ్చినవాళ్ళు తప్పక ఉంటారు. మన వీధి చివర అపార్టుమెంటులో పాలమూరు నుంచి వచ్చిన వాచ్‌మన్ భార్య ఆకు తిరగేసి చూసి, పట్టిన పురుగు పేనుబంకా, తెల్లదోమా, పిండినల్లా అన్నది చెప్పేస్తుంది. పుస్తకాలు చదివి తోట పెంచే మాలో చాలామందికి ఆ చూపు లేదు. అటువంటి మనిషిని సలహా అడగండి, మీ సమావేశంలో అందరితో పాటు కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఊడ్చే పనికి ఇచ్చే జీతంలోనే తోట పని కూడా కలిపేయాలని ఎవరైనా అంటే నువ్వు ఒప్పుకోవద్దు. గుంట తిరగేయడం బరువైన పని, దానికి వేరుగా కూలి కట్టించు, చేతి తొడుగులు కొనివ్వు, ఆదివారం కోతలో వాళ్ళ వాటా మరిచిపోకు. నలుగురూ కలిసి పెంచిన తోట అని చెప్పుకోవాలంటే ఆ నలుగురిలో వాళ్ళు కూడా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

పిల్లలకు ఒక మూల వదలండి. మా పార్కులో పిల్లలు పత్రి తోట పెట్టారు. వినాయక చవితి నాడు బజారులో పత్రి అని చెప్పి ఏవో ఆకుల కట్ట చేతిలో పెడుతుంటే, ఇరవై ఒక్క పేర్లు చదివి ఒక్కదాన్నీ గుర్తుపట్టలేని పరిస్థితి వచ్చింది కదా! గరిక, ఉత్తరేణి, వాకుడు వాటంతటవే మొలుస్తాయి, పీకేయకుండా ఉంటే చాలు. మాచిపత్రి, మరువం, తులసి కుండీల్లో పెరుగుతాయి. దానిమ్మ, జాజి, వావిలి నేలలో పెట్టుకోవచ్చు. జమ్మి ఒక్కటి ఉంటే దసరా నాడు పిల్లలు పెద్దల చేతిలో బంగారమని జమ్మి ఆకు పెట్టి దండం పెట్టుకోవచ్చు. రావి మొక్కను మాత్రం గోడల దగ్గర, కప్పు మీద నాటనివ్వకు, దాని వేళ్ళు గోడలను చీలుస్తాయి. ఉమ్మెత్త, జిల్లేడు, గన్నేరు విషపు మొక్కలు కనుక చంటిపిల్లలు ఆడుకునే చోటికి దూరంగా ఉంచి, పేరుతో పాటు ఆ సంగతి కూడా పలక మీద రాయించు. గౌరీ గణేశ పండుగకు కన్నడం వాళ్ళ ఇళ్ళలోనూ పత్రి పూజ ఉంది. మీ అంతస్తులోని కన్నడం పెద్దావిడను అడిగితే పిల్లలకు ఆకులు చూపించే బాధ్యత ఆవిడ సంతోషంగా తీసుకోవచ్చు.

ఇక నువ్వు అడిగిన మొక్కలు. రెండు బ్లాకుల మధ్య స్థలం కనుక ఎండ ఎంతసేపు పడుతుందో చూడకుండా ఏమీ నిర్ణయించకు. మూడు నాలుగు గంటలు పడితే బచ్చలి, పాలకూర, తోటకూర, పుదీనా వస్తాయి. పూర్తి నీడలో కాకుండా వెలుతురు ఉన్న చోట పసుపు, అల్లం, తమలపాకు బతుకుతాయి. వంగ, టమాటా, బెండ, గోంగూరలకు ఆరు గంటల ఎండ కావాలి. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. అపార్టుమెంట్ల మధ్యకు తేనెటీగలు, చిమ్మటలు సరిగా రాకపోతే పిందెలు పసుపు రంగుకు తిరిగి రాలిపోతాయి, అప్పుడు మగ పువ్వు కోసి ఆడ పువ్వు మీద మెల్లగా అద్దాలి. పందిరి చిక్కుడును వానలతో విత్తితే పగటి పొద్దు తగ్గే చలికాలంలో పూస్తుంది, అంతవరకు తీగ మాత్రమే పెరుగుతుందని ముందే అందరికీ చెప్పి ఉంచు, లేకపోతే పీకేయమంటారు. విత్తనాలకు మీకు అదృష్టం దగ్గరలోనే ఉంది. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్క పేరుతో ఇచ్చే రకాలు మీ వాతావరణంలోనే తయారైనవి. టమాటాలో అర్క రక్షక్, బెండలో అర్క అనామిక వేసి చూడండి.

వచ్చే వారం మీ మేనమామ ఆఫీసు పని మీద అటు వస్తున్నాడు. అతని చేతికి మన ఇంటి సొర, నేతి బీర, ఎర్ర గోంగూర విత్తనాలు, ఒక సంచి పాత ఎరువు ఇచ్చి పంపుతున్నాను. ఆ ఎరువును కొత్త గుంటలో తోడు వేసినట్టు మొదటి పొరలో కలపండి. విత్తనాలు మాత్రం గుంట నుంచి మొదటి ఎరువు వచ్చేదాకా బూడిద కలిపి గాజు సీసాలో దాచి పెట్టు. ఈలోపు ఒక సెలవు రోజున ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా గంటకోసారి ఆ స్థలంలో నీడ ఎక్కడ పడుతుందో సుద్దతో గీయించి, ఫోటోలు తీసి నాన్నగారికి పంపు. మనవడిని ఆ పనిలో పెట్టు, వాడికి అటువంటివి ఇష్టం. అల్లుడుగారికి మా ఆశీస్సులు చెప్పు. సెల్లారు సంగతి ఇంజినీరు ఏమన్నాడో తెలియగానే రాయి.

ప్రేమతో,
అమ్మ