ఫీజు కట్టే ముందు నీ నెలలు లెక్కపెట్టు

తిరుపతి,
ఆదివారం రాత్రి

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

నువ్వు బెంగళూరు బస్సెక్కి నేటికి వారం. మర్నాడు నీ గది సర్దుతుంటే బల్ల మీద మూడు కోచింగ్ సెంటర్ల కరపత్రాలు కనిపించాయి. మూడూ ప్రాజెక్టులు నడిపేవాళ్లకు పరీక్ష పెట్టి ఇచ్చే సర్టిఫికెట్లే. ఒకటి పీఎంపీది, ఒకటి ప్రిన్స్‌2ది, ఒకటి స్క్రమ్ మాస్టర్‌ది. మూడింటి మీదా పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టి ఉన్నావు. నువ్వు వెళ్లే ముందు రాత్రి మేడ మీద కూర్చుని "ఏది మంచిదో నువ్వే చెప్పు నాన్నా" అని అడిగావు. నేను కొండ మీది దీపాలు చూస్తూ ఏదో అన్నాను, అది జవాబు కాదు. తెలియని దానికి తల ఊపడం ఇష్టం లేక ఆ మాట అక్కడితో ఆపేశాను. ఈ వారమంతా ఆ కరపత్రాలు పక్కన పెట్టి, ఆయా సంస్థలు తామే ప్రకటించిన నిబంధనలు కంప్యూటర్‌లో చదివాను. నాకు అర్థమైనది రాస్తున్నాను.

ముందుగా ప్రిన్స్‌2 సంగతి. చదువుతుంటే పాత స్నేహితుడు ఎదురుపడినట్టు అనిపించింది. బ్రిటన్ ప్రభుత్వం తన కంప్యూటర్ పనులు అదుపులో ఉంచుకోవడానికి 1989లో ప్రిన్స్ అనే పద్ధతిని తెచ్చింది. 1996లో దాన్నే అన్ని రకాల పనులకూ పనికొచ్చేలా మార్చి ప్రిన్స్‌2 అంది. ప్రభుత్వం ఇంట్లో పుట్టింది కాబట్టి నాకు దాని నడక వెంటనే తెలిసిపోయింది. ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్నప్పుడు నాకు ఇంతవరకే అధికారం, అది దాటితే పై ఇంజనీరు డీఈ, అదీ దాటితే ఆయన పైన ఈఈ. ప్రిన్స్‌2లోనూ అంతే. ప్రాజెక్టు నడిపే మనిషికి సమయంలో, ఖర్చులో ఇంత వెసులుబాటు అని ముందే రాసి ఇస్తారు. ఆ గీత లోపల తన ఇష్టం. దాటిపోతుందని తోచిన క్షణాన పైవాళ్లకు చెప్పాలి, దాటిపోయాక కాదు. ఇంకొక మంచి గుణం కూడా ఉంది. పని ఒక్కో దశ ముగిసినప్పుడల్లా "ఈ పని ఇంకా అవసరమేనా, పెట్టిన డబ్బుకు తగిన ఫలం ఉందా" అని మళ్లీ అడుగుతారు. నా ఉద్యోగంలో ఒకసారి మంజూరైన పని గురించి మధ్యలో ఆ ప్రశ్న వేసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

నాకు నచ్చింది కదా అని నువ్వు అది తీసుకోకూడదు. లండన్‌లో ఉన్న నీ స్నేహితురాలు ప్రిన్స్‌2 చేయమని చెప్పిందంటే ఆమెకు అక్కడ అది అన్నం పెడుతోంది. బ్రిటన్‌లో, ముఖ్యంగా ప్రభుత్వంతో ముడిపడిన పనుల్లో దానికి విలువ ఎక్కువ. ఫౌండేషన్ పరీక్ష తేలిక: గంటలో 60 ప్రశ్నలు, అనుభవం అక్కర్లేదు. దాని పైమెట్టు ప్రాక్టీషనర్. ఆ పరీక్షకు వాళ్ల అధికారిక పుస్తకం దగ్గర పెట్టుకుని రాయనిస్తారు. కానీ నీ కంపెనీ పని అంతా అమెరికా వాళ్లది. నువ్వు బ్రిటన్ వెళ్లే ఆలోచనలోనూ లేవు. ఎప్పుడైనా వెళ్లాల్సి వస్తే అప్పుడు నెల రోజుల్లో రాసేయగలవు. దీన్ని ఇప్పుడు పక్కన పెట్టు.

స్క్రమ్ గురించి నేను ఎక్కువ చెప్పబోను. ఆ పని నువ్వు రోజూ చేస్తున్నావు. పొద్దున పావుగంట నిలబడి మాట్లాడుకోవడం, రెండు వారాలకొకసారి తయారైనంత వరకు చూపించడం, వాళ్లు చెప్పిన మార్పులు మళ్లీ చేయడం. మా పనిలో అది కుదరదు తల్లీ. తూము కట్టేశాక "రెండు అడుగులు పక్కకు జరపండి" అంటే జరగదు. నీ పనిలో జరుగుతుంది, అందుకే అక్కడ ఆ పద్ధతి పుట్టింది. అయితే కరపత్రంలో చెప్పని తేడా ఒకటి ఉంది. స్క్రమ్ సర్టిఫికెట్లలో ముఖ్యమైనవి రెండు. మొదటిది సీఎస్ఎం (సర్టిఫైడ్ స్క్రమ్ మాస్టర్) కావాలంటే సాధారణంగా రెండు రోజులుండే తరగతికి తప్పనిసరిగా వెళ్లాలి. ఆ పైన 50 ప్రశ్నల్లో 37 సరిగా రాస్తే చాలు. రెండేళ్లకొకసారి డబ్బు కట్టి పునరుద్ధరించుకోవాలి. రెండోది పీఎస్ఎం (ప్రొఫెషనల్ స్క్రమ్ మాస్టర్). దాని మొదటి స్థాయికి తరగతి తప్పనిసరి కాదు. 60 నిమిషాల్లో 80 ప్రశ్నలు, నూటికి 85 రావాలి. ఒకసారి వచ్చిందంటే గడువు తీరిపోదు. మీ మేనేజరు స్క్రమ్ సర్టిఫికెట్ ఏదో ఒకటి కావాలంటున్నాడు కాబట్టి రెండోది రాయి. తరగతికి కాకుండా చదువుకు విలువ ఇచ్చే పరీక్ష అది, ఖర్చూ తక్కువ. నెల రోజులు సాయంత్రాలు కూర్చుంటే నీకు చాలు.

ఇక పీఎంపీ, అంటే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్. నీ మనసు దీని మీదే ఉందని నాకు తెలుసు. మిగతా రెండింటి మీద ఒక్కో ప్రశ్నార్థకం పెట్టి, దీని మీద రెండు పెట్టావు.

అమెరికాలో 1969లో మొదలైన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఈ పరీక్షను 1984 నుంచి నడుపుతోంది. మొన్నటిదాకా నేనూ ఇదంతా పాతకాలపు పద్ధతి, సాఫ్ట్‌వేర్ వాళ్లకు అతకదు అనుకున్నాను. చదివాక అభిప్రాయం మార్చుకున్నాను. 2021 జనవరిలో పరీక్షను మార్చారు. అప్పుడు 230 నిమిషాల్లో 180 ప్రశ్నలు పెట్టి, అందులో దాదాపు సగం నీ అజైల్ పద్ధతుల మీద, అంటే స్క్రమ్ లాగా కొంచెం కొంచెంగా చేసి చూపిస్తూ మార్చుకునే పద్ధతుల మీద, పాత పద్ధతినీ దీన్నీ కలిపి నడిపే పద్ధతుల మీద అడగడం మొదలుపెట్టారు. మన ఊళ్లో బ్రహ్మోత్సవాలకు ధ్వజారోహణం ఏ రోజో ముందే తేలిపోతుంది. ఆ తేదీని ఎవరూ కదపలేరు. బారికేడ్లు, తాగునీరు, తాత్కాలిక రోడ్లు అన్నీ ఆ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. నీ పనిలో తేదీ జరుగుతుంది, కావలసిన వస్తువే నెలకొక రూపం మారుస్తుంది. ఈ రెండు రకాల పనులూ తెలిసినవాళ్లా కాదా అని ఆ పరీక్ష చూస్తుంది. పదేళ్ల తర్వాత నువ్వు ఏ కంపెనీలో ఉన్నా, సాఫ్ట్‌వేర్ వదిలి ఆసుపత్రి పనుల్లోకో రైల్వే పనుల్లోకో వెళ్లినా నీ వెంట వచ్చేది ఇదే. కాబట్టి నా మాట పీఎంపీ.

ఇప్పుడే కాదు. ఈ ఉత్తరం రాసింది ఈ ఒక్క మాట కోసమే.

ఆ కోచింగ్ సెంటర్ అతను నీతో ఫోనులో ఏమన్నాడో నువ్వే చెప్పావు. "మీకు నాలుగేళ్ల ఉద్యోగం ఉంది కదా మేడమ్, అనుభవం కాలమ్ మేమే నింపేస్తాం, ఫీజు కడితే చాలు." నిబంధన అది కాదు. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లు ప్రాజెక్టులను ముందుండి నడిపిన అనుభవం 36 నెలలు చూపాలి. ప్రాజెక్టులో ఉండటం వేరు, నడిపించడం వేరు. దానికి తోడు 35 గంటల శిక్షణ. ఒకే నెలలో రెండు ప్రాజెక్టులు నడిపినా అది ఒక నెల కిందే లెక్క. నీ మొదటి రెండేళ్లు టెస్టింగ్. ఎవరో రాసిన పట్టిక ప్రకారం పరీక్షించి తప్పులు చెప్పావు. మంచి పనే, కానీ అది నడిపించడం కాదు. టీమ్ లీడ్ అయిన దగ్గర నుంచి వేళ్లు మడిచి లెక్కపెట్టాను. 22 నెలలు. ఇంకా 14 కావాలి. ఆ మనిషి నీకు అమ్ముతానంటున్నది ఆ 14 నెలలే.

దరఖాస్తుల్లో కొన్నింటిని ఆడిట్‌కు తీస్తారు. తీస్తే నువ్వు రాసిన ప్రతి ప్రాజెక్టుకూ నీ పని తెలిసిన పైవాళ్లు సంతకం పెట్టాలి. కానీ పట్టుబడతావన్న భయంతో నిన్ను ఆపడం లేదు. నీకు ఎప్పుడూ చెప్పనిది ఒకటి చెప్పాలి.

మా ఎం బుక్, అదే జరిగిన పని కొలతలు రాసే పుస్తకం, నీకు గుర్తుందా? చిన్నప్పుడు అందులో బొమ్మలు గీయబోతే నేను ఒక్కసారే నీ మీద అరిచాను. పేజీలన్నిటికీ అచ్చు నంబర్లు. ఒక్క కాగితం చించడానికి లేదు. పొడవు, వెడల్పు, లోతు, మొత్తం పరిమాణం. తప్పు పడితే దిద్దకూడదు. అడ్డంగా గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి పొట్టి సంతకం పెట్టాలి. కళ్లతో చూసి, టేపుతో కొలిచినదే అందులోకి ఎక్కాలి.

సర్వీసులో చేరిన రెండో ఏడు. ఒక పల్లెలో చెరువు కట్టకు మరమ్మతు. మట్టిని పొరలు పొరలుగా పోసి, ప్రతి పొర మీద నీళ్లు చల్లి, రోలరుతో తొక్కించాలి. పొర తొక్కిన తర్వాతే పై పొర. మొదటి రెండు పొరలకు నేను అక్కడ నిలబడ్డాను. తర్వాత వేరే పని మీద నాలుగు రోజులు తిరుపతిలో ఉండిపోయాను. తిరిగి వెళ్లేసరికి కట్ట పూర్తి ఎత్తుకు లేచి ఉంది. కాంట్రాక్టరు కొలతలు కాగితం మీద రాసి సిద్ధంగా పెట్టాడు. చివరి ఎత్తు కొలిచాను, సరిపోయింది. మధ్య పొరలు ఎలా తొక్కారో చూడలేదు. చూసినట్టు రాసి సంతకం పెట్టాను.

నవంబరులో వాయుగుండం పట్టింది. అలుగు మీద నుంచి నీళ్లు పారుతున్న రాత్రి, కట్ట మధ్యలో ఒకచోట మట్టి కుంగడం మొదలైంది. ఊరంతా లాంతర్లు పట్టుకుని ఇసుక మూటలు మోశారు. నేను వెళ్లేసరికి తెల్లవారుజామైంది. గండి పడలేదు, వాళ్లే ఆపారు. ఒక ముసలి రైతు మోకాళ్ల దాకా బురదతో వచ్చి నా పక్కన నిలబడ్డాడు. కోపం లేదు ఆయనకు. "తమరు చూశారు కదా సార్, అందుకే మేం చూడలేదు" అన్నాడు.

2021 నవంబరులో రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించినప్పుడు నేను మూడు రాత్రులు నిద్రపోలేదు, నీకు గుర్తుండే ఉంటుంది. మీ అమ్మ రక్తపోటు అనుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆ చెరువుకూ నాకూ సంబంధం లేదు. నా చెవిలో ఆ రైతు మాటే తిరిగింది.

పీఎంపీ ఉన్న మనిషి అంటే, ముప్పై ఆరు నెలలు పనులు నడిపింది కదా అని ఎవరో నీ చేతికి పెద్ద పని అప్పగిస్తారు. నీ కింద ఇరవై మంది పిల్లలు రాత్రిళ్లు పని చేస్తారు. నువ్వు చూశావని వాళ్లు చూడరు. అందుకే ఆ 14 నెలలు నిజంగా గడపాలని నా పట్టుదల.

గడపడం అంటే ఊరికే కూర్చోవడం కాదు. ఇప్పటి 22 నెలలను ప్రాజెక్టుల వారీగా విడదీసి రాయి. ప్రతిదానికీ మొదలైన నెల, ముగిసిన నెల, ఎంతమంది, ఏం కావాలని అడిగారు, చివరికి ఏం ఇచ్చారు. ముఖ్యంగా నువ్వు ఏం నిర్ణయించావు. "మీటింగులు పెట్టాను" అని రాయకు. ఆ దీపావళి ముందు ఇద్దరు ఉద్యోగం మానేసినప్పుడు ఏ పని ఆపి ఏ పని ముందుకు తెచ్చావో, ఆ సంగతి అమెరికా వాళ్లకు ఎప్పుడు చెప్పావో రాయి. నాతో ఫోనులో గంటసేపు చెప్పిన కథ అది. నువ్వు ప్రాజెక్టు నడిపావనడానికి అంతకంటే సాక్ష్యం ఏముంది?

మీ మేనేజరును ఒక మాట అడుగు. ఈ ఏడాది బడ్జెటు చూసే పని కొంత నీకు ఇవ్వమను. మనుషులతో, పనితో నీకు అలవాటుంది. డబ్బు లెక్క నువ్వు ఇంతవరకు ముట్టలేదు, పరీక్షలో అదీ అడుగుతారు. 35 గంటల శిక్షణ చివరి నాలుగు నెలల్లో చేయి, చదివింది పరీక్ష దాకా గుర్తుంటుంది. తొందరగా ఏదో ఒకటి ఉండాలని, పీఎంపీ వాళ్లే ఇచ్చే సీఏపీఎం అనే సర్టిఫికెట్ గురించి కూడా అడిగావు. అది అనుభవం లేని కొత్తవాళ్ల కోసం. 22 నెలలు నడిపిన దానివి, నీకు ఇప్పుడు అది అక్కర్లేదు. పీఎంపీ వచ్చాక కూడా చదువు ఆగదు, మూడేళ్లకు 60 పాయింట్ల శిక్షణ చూపిస్తేనే నిలుస్తుంది. ఆ ఖర్చు నీ ఖాతాలో రాసుకో.

గాంధీ రోడ్డులో ఒక లెడ్జరు పుస్తకం కొన్నాను, గట్టి అట్టది. పేజీలకు నంబర్లు నేనే వేశాను, 1 నుంచి 96 దాకా. మొదటి పేజీలో గడులు గీసి ఉంచాను. పక్కింటి వాళ్ల అబ్బాయి గురువారం బెంగళూరు వస్తున్నాడు, మీ అమ్మ పెట్టిన కందిపొడితో పాటు అతని చేతికి ఇస్తున్నాను. పెన్నుతోనే రాయి. మొదటి ప్రాజెక్టు రాశాక ఆదివారం ఫోను చేసి నాకు చదివి వినిపించు. నీ పాత మేనేజరు వేరే కంపెనీకి వెళ్లిపోతున్నాడన్నావు కదా, వెళ్లేలోగా ఆయన సొంత ఫోను నంబరు, ఈమెయిలు అడిగి అట్ట లోపలి వైపు రాసి పెట్టుకో. రేపు ఆడిట్ వస్తే సంతకం పెట్టవలసింది ఆయనే.

ఆశీస్సులతో
నాన్న